ఆరు ఆంప్స్ ప్లగ్గు మీద క్యారవాన్ ఏసీ

బెంగళూరు మారతహళ్లిలో ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో తెలుగు కుటుంబాలు ఆదివారం కూడుకున్నప్పుడు చేసిన ప్రసంగం ఇది. మాట్లాడినాయన పీణ్యలో వ్యాన్లకు కరెంటు పని చేసే ఇంజినీరు. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప మిగతాదంతా ఆయన మాటే.

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? ఆ ఫ్యాను చప్పుడు అడ్డమొస్తుంటే ఆపేయండి. గోడ మీద ఏసీ మాత్రం ఆపొద్దు, దాంతో కాసేపట్లో పనుంది.

క్యారవాన్ అనగానే మనవాళ్లకి ముందు గుర్తొచ్చేది సినిమా షూటింగు. హీరోగారి క్యారవాన్. లోపల చల్లగా ఉంటుంది, సోఫా ఉంటుంది, టీవీ ఉంటుంది. దానికి కరెంటు ఎక్కడ్నించి వస్తోందని ఎవరూ అడగరు. ఎందుకడుగుతారు, డీజిలు ఖర్చు నిర్మాతది కదా! మన సంగతి అలా కాదు. మనం ట్రావెలరో వింగరో ఒక వ్యాను కొని, లోపల మంచం, చిన్న వంటగది కట్టించుకుని, పిల్లల్ని ఎక్కించుకుని సక్లేశపురమో గండికోటో బయల్దేరతాం. రాత్రికి ఎక్కడో ఒకచోట ఆపుకుంటాం. అక్కడ ఉండేది ఒకే ఒక్క ప్లగ్గు. చాలాచోట్ల అది కూడా వరండాలో ఫోను చార్జింగుకి పెట్టిన చిన్న ప్లగ్గు. కొన్నిచోట్ల అదీ ఉండదు.

ఆ ప్లగ్గు మీద ఏసీ నడుస్తుందా, నడవదా? ఇదే ఇవాళ్టి విషయం. బండి మార్పులు, ఆర్‌టీఓ కాగితాలు, ఇన్సూరెన్సు, ఇవి నన్నడక్కండి. అది వేరే పురాణం, నాకంటే బాగా చెప్పేవాళ్లున్నారు.

మా షెడ్డుకి వచ్చినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఎన్ని బ్యాటరీలు పెట్టాలన్నా?" నేనేమంటానంటే, అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. మొదట అడగాల్సినవి రెండున్నాయి. ఒక్కసారిగా ఎంత కావాలి? రోజు మొత్తానికి ఎంత కావాలి? ఈ రెండూ వేరు వేరు. ఈ రెండూ కలిపేసుకోవడం వల్లే లక్షలు పోతున్నాయి. బెంగళూరులో ఉంటున్నాం కాబట్టి మీకు ఇట్టే అర్థమవుతుంది. ఎండాకాలం మన సంపుకి ట్యాంకరొస్తుంది కదా. ట్యాంకర్లో పన్నెండు వేల లీటర్లుండొచ్చు. పైపు అరంగుళానిదైతే? నీళ్లు బోలెడున్నాయి, కానీ సన్నగా వస్తాయి. ఓపిగ్గా పట్టుకుంటే సంపు నిండుతుంది. ఒక్కసారిగా కావాలంటే మాత్రం రావు. ఆరు ఆంప్స్ ప్లగ్గు అచ్చంగా అదే. లెక్క తర్వాత చెప్తాను, ఇది మాత్రం మనసులో పెట్టుకోండి.

మీలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. వాళ్లు వేసవి సెలవుల్లో ఆర్‌వీ, అంటే అక్కడి క్యారవాన్, అద్దెకు తీసుకుని అమ్మానాన్నల్ని గ్రాండ్ క్యాన్యన్ తీసుకెళ్తారు. ఆ వీడియోలు చూసి నా దగ్గరికి వస్తారు. "అక్కడ ముప్పై ఆంప్స్ ఇస్తారండీ, మన దగ్గర ఆరే ఇస్తే ఎలా?" అంటారు. ఇక్కడే తిరకాసుంది. అక్కడ ఆ ప్లగ్గు 120 వోల్టులు. 30 ఆంప్స్ ఇంటూ 120, అంటే 3,600 వాట్లు. మన దగ్గర 230 వోల్టులు. మీ ఇంట్లో గీజరుకి పెట్టే పెద్ద ప్లగ్గు 16 ఆంప్స్. 16 ఇంటూ 230 ఎంత? 3,680. అంటే అమెరికావాళ్లు పార్కులో ఆర్‌వీకి ఇచ్చే కరెంటు, మన బాత్రూములో గీజరు ప్లగ్గు, రెండూ ఒకటే. అవునా కాదా? పెద్ద బస్సుల్లాంటి ఆర్‌వీలకి 50 ఆంప్స్ ఇస్తారు, అది రెండు లైన్లు కలిపి 12,000 వాట్లు. అది మన లెక్కలోకి రాదు, వదిలేయండి.

ఆ 3,600తోనే వాళ్లూ తంటాలు పడతారు. పైకప్పు మీద 13,500 బీటీయూల ఏసీ ఉంటుంది. బీటీయూ అంటే వేడిని కొలిచే కొలత, మన లెక్కలో అది ఒక టన్ను మీద కొంచెం. అది నడిచేటప్పుడు సుమారు 1,500 వాట్లు తింటుంది. అమ్మాయి మైక్రోవేవ్ పెడుతుంది, ఇంకో 1,500. కోడలు జుట్టు ఆరబెట్టుకుంటుంది, ఇంకో 1,500. ఠప్పుమని ట్రిప్పవుతుంది. అందరూ ఏసీని తిడతారు. పాపం దాని తప్పేముంది?

మన చిన్న ప్లగ్గు, 6 ఆంప్స్ ప్లగ్గు, 1,380 వాట్లు. ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ, అంటే కంప్రెసరు వేగం తనే తగ్గించి పెంచుకునే రకం, గట్టిగా నడిచేటప్పుడు 1,000 నుంచి 1,200 వాట్లు. అంటే కాగితం మీద సరిపోయింది. కాగితం మీద సరిపోయింది, మరి చాలామందికి ఎందుకు ట్రిప్పవుతోంది?

ఇప్పుడు ఆ గోడ ఏసీ చూడండి. అది పాతకాలం మోడలు, ఇన్వర్టర్ రకం కాదు. దాని తీగ చుట్టూ ఈ క్లాంప్ మీటరు తగిలించాను, ఎన్ని ఆంప్స్ పోతున్నాయో చూపిస్తుంది. ఇప్పుడు ఎంత చూపిస్తోంది? బాబూ, నువ్వు చదువు. 5.3. సరే. ఇప్పుడు ఆపుతున్నా. మూడు నిమిషాలు ఆగాలి. వెంటనే వేయకూడదు, ఎందుకంటే లోపల గ్యాసు ప్రెజరు రెండు పక్కలా సమానం కావాలి. ప్రెజరు మీద మోటారు తిరగలేదు, ఉన్నచోటే బిగుసుకుని కరెంటు మింగుతుంది. ఈ మూడు నిమిషాల ఓపిక లేకే సగం కంప్రెసర్లు పాడవుతున్నాయి. కరెంటు పోయి వచ్చిన వెంటనే రిమోటు నొక్కేవాళ్లు ఇక్కడెంతమంది? చేతులెత్తొద్దులెండి.

ఈలోగా ఒకటి చెప్తాను. టన్ను అంటే బరువు కదా, ఏసీకి టన్నేమిటని పిల్లలు అడుగుతుంటారు. వెనకటికి చల్లదనానికి ఐసు వాడేవాళ్లు. ఒక టన్ను ఐసు, అదీ అమెరికా టన్ను, 2,000 పౌన్లు, ఒక రోజంతా కరిగితే ఎంత వేడి లాక్కుంటుందో అంత వేడిని మోసే మిషను ఒక టన్ను ఏసీ. గంటకి 12,000 బీటీయూలు. వాట్లలో చెప్తే 3,500 వాట్ల వేడిని బయట పారబోస్తుంది, అందుకు 1,100 వాట్ల కరెంటు తీసుకుంటుంది. అంటే ఒక రూపాయి కూలికి మూడు రూపాయల పని. ఈ 3,500 అనే అంకె మళ్లీ వస్తుంది, మర్చిపోకండి.

ఆఁ, అయింది. మీటర్లో ఇన్‌రష్ అని ఒక మీట ఉంటుంది, మోటారు లేచే క్షణంలో లాగే కరెంటుని పట్టుకునేది, అది నొక్కి ఏసీ వేస్తున్నా. చదువు బాబూ. 26! చూశారా? నడిచేటప్పుడు అయిదు, లేచేటప్పుడు ఇరవై ఆరు. అరసెకను కూడా ఉండదు. మామూలుగా పెట్టిన మీటరుకి ఇది కనబడదు, అంకె మారేలోపు అయిపోతుంది. కానీ మీ జనరేటరుకి కనబడుతుంది, మీ బ్యాటరీ ఇన్వర్టరుకి కనబడుతుంది. ఇంటి లైను ఈ అరసెకను ఓర్చుకుంటుంది. 2,000 వాట్ల చిన్న జనరేటరు ఓర్చుకోలేదు. "రెండు వేల జనరేటరండీ, వెయ్యి వాట్ల ఏసీ లేవదేంటి" అని అడిగేవాళ్లకి జవాబు ఈ ఇరవై ఆరే.

దీనికి దారులు రెండు. పాత ఏసీయే ఉంచుకుంటానంటే సాఫ్ట్ స్టార్టర్ అని ఒక డబ్బా దొరుకుతుంది. అమెరికాలో ఆర్‌వీ వాళ్లు ఎక్కువగా వాడేది అదే, ఎందుకంటే వాళ్ల పైకప్పు ఏసీలు ఇప్పటికీ చాలావరకు పాత రకం మోటార్లే. అది మోటారుకి వోల్టేజిని మెల్లగా అందిస్తుంది, మొదటి దెబ్బ సగానికంటే బాగా తగ్గిపోతుంది. కొత్తగా కట్టించుకునేవాళ్లయితే ఇన్వర్టర్ ఏసీయే పెట్టండి. దాని కంప్రెసరు మెల్లగా లేస్తుంది, అసలు ఆ దెబ్బే ఉండదు. గది చల్లబడ్డాక మూడు నాలుగు వందల వాట్లకి దిగి అక్కడే నడుస్తూ ఉంటుంది. మన వ్యాన్లకి నేను ముప్పావు టన్ను చాలంటాను. ఒకాయన వచ్చి టన్నున్నర పెట్టమని కూర్చున్నారు. పెద్దది పెడితే తొందరగా చల్లబడుతుంది, నిజమే, వెంటనే ఆగిపోతుంది కూడా. గాల్లో తడి అలాగే ఉండిపోతుంది. చల్లగా, జిగటగా, గుహలో పడుకున్నట్టుంటుంది.

ప్లగ్గు దాకా వచ్చే తీగ

ఇప్పుడు ప్లగ్గు దగ్గరికి వద్దాం. ప్లగ్గు కంటే ముందు తీగ. ఇది కాస్త నిదానంగా చెప్తాను, ఎందుకంటే ప్రమాదం ఉన్నది ఇక్కడే.

సక్లేశపురం పక్కన ఒక హోమ్‌స్టేలో మాకు తెలిసినవాళ్ల బండి ఆగింది. ప్లగ్గు వరండాలో, బండి చెట్టు కింద. మధ్యలో కొంత దూరం. హోమ్‌స్టే వాళ్లు ఎక్స్‌టెన్షన్ రీలు ఇచ్చారు, పెళ్లిళ్లలో సీరియల్ లైట్లకి వాడే రీలు. ఇంత లావు చక్రం, దాని మీద సన్నటి తీగ. కావాల్సినంత లాగి మిగతాది చక్రం మీదే వదిలేశారు. రాత్రి పదకొండుకి ఏదో మాడిన వాసన. వెళ్లి చూస్తే చక్రం మీద తీగ పొరలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. పై పొర చేత్తో పట్టుకోగలిగినంత వేడిగానే ఉంది, లోపలి పొరలు మాత్రం మైనంలా కరిగాయి. కరిగిన చోట రాగి పోగులు బయటికి కనబడుతున్నాయి. ఆ రోజు వాన పడి నేలంతా తడి. ఇంకో అరగంట అయితే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

ఎందుకలా అయింది? లెక్క చూడండి. 0.75 చదరపు ఎంఎం తీగ, రీలు మొత్తం ముప్పై మీటర్లు. పోను ముప్పై, రాను ముప్పై, మొత్తం అరవై మీటర్ల రాగి. దాని నిరోధం ఒకటిన్నర ఓము. వాళ్లు ఏసీతో పాటు కెటిల్ కూడా పెట్టారు, పది ఆంప్స్ లాగింది. పదికి పది వంద, ఇంటూ ఒకటిన్నర. నూట యాభై వాట్ల వేడి ఆ తీగలోనే పుడుతోంది. తీగ పరిచి ఉంటే గాలికి చల్లారేది. చక్రానికి చుట్టి ఉంటే వేడెక్కడికి పోతుంది? అదే తీగలో నాలుగు ఆంప్సే పంపారనుకోండి. నాలుగు నాలుగులు పదహారు, ఇంటూ ఒకటిన్నర, పాతిక వాట్లు లోపే. కరెంటు సగానికి తగ్గిస్తే వేడి నాలుగోవంతుకి పడిపోతుంది. అందుకే చెప్తున్నా, మీ బండిలో మీ సొంత తీగ పెట్టుకోండి. 2.5 చదరపు ఎంఎం, మూడు కోర్ల రబ్బరు కేబులు. బరువుంటుంది, ఖరీదుంటుంది, అయినా పెట్టుకోండి. వాడేటప్పుడు చుట్ట మొత్తం విప్పి పరవండి. మొత్తం విప్పండి.

ఇంకోటి వోల్టేజి. ఊళ్లలో సాయంత్రం ఏడింటికి 180 దాకా పడిపోతుంది. పాత ఏసీకి అప్పుడు లేవడానికే సత్తువ ఉండదు. మోటారు బలం వోల్టేజి వర్గాన్ని బట్టి పోతుంది, 180 దగ్గర అరవై శాతమే మిగులుతుంది. లేవలేక గుర్రుమంటుంది, ఆగుతుంది, మళ్లీ గుర్రుమంటుంది. ఇన్వర్టర్ ఏసీ లేస్తుంది, కానీ అదే పనికి ఎక్కువ ఆంప్స్ లాగుతుంది. కాబట్టి బండిలో ఒక వోల్టు మీటరు కంటికెదురుగా పెట్టుకోండి. మూడొందల రూపాయల వస్తువు.

ఎర్తింగు సంగతి రెండు ముక్కల్లో చెప్తాను, కానీ ఇది నవ్వులాట కాదు. బండి బాడీ ఇనుము, కింద టైర్లు రబ్బరు. ఎర్త్ లేని ప్లగ్గుకి తగిలించారు, లోపల ఎక్కడో లీకేజి ఉంది. బండి మొత్తం కరెంటు పట్టుకుని కూర్చుంటుంది. లోపల ఉన్నవాళ్లకి ఏమీ తెలియదు. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి తలుపు పట్టుకున్న పిల్లాడికి తెలుస్తుంది. ప్లగ్గు టెస్టరు ఒకటి, లీకేజి పసిగట్టి కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ ఒకటి. ఈ రెండూ లేకుండా నేను ఏ బండీ షెడ్డు బయటికి పంపను. ఎర్త్ లేదని టెస్టరు చెప్తే అక్కడ ప్లగ్గు పెట్టకండి. బ్యాటరీ మీద పడుకోండి, లేకపోతే కిటికీలు తీసుకుని పడుకోండి.

సరే, ఇప్పుడు ట్యాంకరు లెక్క. ఆరు ఆంప్స్ ప్లగ్గు నుంచి ఆరూ లాగొద్దు, నాలుగే లాగండి. నాలుగు ఇంటూ 220, 880 వాట్లు. ఇరవై నాలుగు గంటలు లాగితే? ఇరవై ఒక్క యూనిట్లు! రాత్రంతా ఏసీకి కావాల్సింది ఎంతనుకుంటున్నారు? మంచి ఇన్సులేషన్ ఉన్న వ్యాన్‌లో, 26 దగ్గర పెడితే, సగటున 400 వాట్లు. ఎనిమిది గంటలకి మూడు యూనిట్ల చిల్లర. నష్టాలు కలుపుకుంటే మూడున్నర, నాలుగు. అంటే ఆ చిన్న ప్లగ్గు మీకు కావాల్సిన దానికి అయిదింతలు ఇస్తుంది. ఇవ్వలేనిది ఒక్కటే, ఒక్కసారిగా రెండు వేల వాట్లు. ఆ ఒక్కసారి కోసమే బ్యాటరీ.

విక్ట్రాన్ లాంటి కంపెనీలవి ఇన్వర్టరూ చార్జరూ కలిసిన మిషన్లు దొరుకుతాయి. వాటిలో బయటి నుంచి ఎంత లాగాలో మనమే కట్టడి పెట్టొచ్చు. నాలుగు ఆంప్స్ అని పెట్టామనుకోండి, లోపల ఏడు కావాల్సొస్తే మిగతా మూడూ బ్యాటరీ ఇస్తుంది. అవసరం తీరాక అదే ప్లగ్గు మెల్లగా బ్యాటరీని నింపుతుంది. హోమ్‌స్టే ఓనరుకి ట్రిప్పు గొడవ ఉండదు, మీకు ఏసీ ఆగదు. నన్నడిగితే, బండి మీద పెట్టే డబ్బులో మొదటి డబ్బు ఇక్కడ పెట్టాలి. సోలారు, పెద్ద బ్యాటరీ, అవన్నీ దీని తర్వాతే.

వేడి లోపలికి రాకుండా

"సార్, ఇవన్నీ ఎందుకు, ఇంకో బ్యాటరీ వేసేద్దాం" అంటారు కొందరు. వేయండి, నాకు బిల్లే కదా. కానీ ఒక్క మాట వినండి.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు మన పెద్దలు. రోలే పగిలే ఎండలో మనం రేకు డబ్బా పెట్టాం. బయట నలభై ఉంటే పైరేకు మీద చెయ్యి పెట్టలేం. ముందర అద్దం చూడండి, ట్రావెలర్ అద్దం ఎంతుంటుంది! ఎండ నేరుగా పడితే చదరపు మీటరుకి వెయ్యి వాట్ల దాకా ఉంటుంది, అద్దం గుండా అందులో సగం పైగా లోపలికి వచ్చేస్తుంది. ఆ ఒక్క అద్దం నుంచే వెయ్యి వాట్ల వేడి అనుకోండి. ఏసీ మొత్తం మోయగలిగింది ఎంతన్నాను? 3,500. పావు వంతు పైగా ఆ అద్దానికే పోయింది. మనుషులు నలుగురు, ఒక్కొక్కరు వంద వాట్లు. ఊరికే కూర్చున్నా వంద వాట్లే.

అద్దానికి తెర లోపల వేస్తే సగం లాభమే. వేడి లోపలికొచ్చాక తెర కడితే ఏం ప్రయోజనం? బయటి నుంచి కప్పండి. వెండి రంగు కవరు, లేదంటే మామూలు తెల్ల టార్పాలిన్ అయినా సరే. తర్వాత డ్రైవరు సీటు వెనక మందపాటి కర్టెను పైనుంచి కిందిదాకా కట్టేయండి. ముందు భాగం వేడి ముందే ఉంటుంది, మీరు పడుకునే భాగం మాత్రమే చల్లబడుతుంది. సగం బండిని చల్లబరచడానికి సగం కరెంటు చాలదూ?

గోడలకి, పైకప్పుకి నైట్రైల్ ఫోమ్ అతికించండి. ఏసీ పైపులకి నల్లటి తొడుగు చూసి ఉంటారు, అదే సరుకు, షీట్లుగా వస్తుంది. అంగుళం మందం పెడితే రేకు గుండా వచ్చే వేడి దాదాపు నాలుగోవంతుకి దిగుతుంది. కానీ రేకు వెనక రిబ్బులు, అంటే ఇనుప పట్టీలుంటాయి చూశారూ, వాటి మీద కూడా అతికించాలి. చాలామంది రిబ్బుల మధ్య గుంటల్లో నింపేసి చేతులు దులుపుకుంటారు. వేడి ఇనుము పట్టుకుని నేరుగా దిగుతుంది. పై రంగు తెలుపు వేయించండి. నల్ల రంగు స్టైలుగా ఉంటుందండీ, కాదనను, ఆ స్టైలుకి అద్దె ప్రతి మధ్యాహ్నం కట్టాలి.

వంట. ఏసీ వేసుకుని లోపల ఇండక్షన్ మీద వంట చేస్తే రెండు దెబ్బలు. ప్లగ్గు మీద 1,800 వాట్ల బరువు ఒకటి, ఆ వేడిని మళ్లీ ఏసీయే తోడిపోయాలి, అది రెండోది. రసం మరిగిస్తే ఇంకా ఘోరం, గాల్లోకి ఆవిరి. ఒక లీటరు నీటిని గాల్లోంచి పిండాలంటే ఏసీ సుమారు 0.7 యూనిట్ల వేడిని మోయాలి. చెన్నైవాళ్లకి ఇది బాగా తెలుసు. మే నెలలో తిరువాన్మియూర్ పక్కన ఆపితే ఏసీ పనిలో చాలా భాగం గాలిని చల్లబరచడానికి కాదు, నీళ్లు పిండడానికే పోతుంది. డ్రెయిన్ పైపు కింద బకెట్ పెట్టి చూడండి, తెల్లారేసరికి మీకే తెలుస్తుంది. తడి తువ్వాళ్లు లోపల ఆరేయకండి, వంట బయట చేసుకోండి.

టెంపరేచరు ఎంత పెట్టాలి? మన దేశంలో 2020 జనవరి నుంచి ఏసీలన్నీ వేయగానే 24 దగ్గర మొదలయ్యేలా రూలుంది. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం ఆదా అని బీఈఈ లెక్క, ఏసీలకి స్టార్లిచ్చే కేంద్ర సంస్థ అది. వ్యాన్‌లో నేను 26 పెట్టి, తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ ఫ్యాను, ముప్పై వాట్ల లోపుది, తోడిస్తాను. ప్లగ్గున్నప్పుడే, లేదా బండి నడుస్తున్నప్పుడే, లోపల బాగా చల్లబరిచేయండి. పరుపు, చెక్క, గోడ అన్నీ చల్లబడాలి. గాలి చల్లబడటం పది నిమిషాల పని, పరుపు చల్లబడటానికి గంట పడుతుంది. వేడి పరుపు మీద పడుకుని ఏసీని 18కి తిప్పితే ఏం లాభం?

ఇంకోటి, బయటి యూనిట్. అనంతపురం పక్క ఎర్రమట్టి రోడ్డు మీద వచ్చిన బండి కండెన్సర్ ఎప్పుడైనా చూశారా? రేకుల మధ్య వెలుతురు కనబడదు, ఇటుక బట్టీ నుంచి తీసినట్టుంటుంది. గాలి పోదు, ప్రెజరు పెరుగుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది. పైపుతో నీళ్లు మెల్లగా కొట్టండి. ప్రెజర్ వాషర్ పెట్టకండి, రేకులు ఒరిగిపోతాయి.

ఇప్పుడు అడగండి, బ్యాటరీలెన్ని? ప్లగ్గు లేని రాత్రికి నాలుగు యూనిట్లు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్, 48 వోల్టుల రకం, 100 ఏహెచ్, అంటే ఆంపియర్ అవర్లది, ఒకటి పెడితే అయిదు యూనిట్ల పైచిలుకు. ఒక రాత్రికి చాలు. ఇంట్లో ఇన్వర్టరుకి పెట్టే 150 ఏహెచ్ ట్యూబులర్, ఆ సీసం-యాసిడ్ బ్యాటరీ, పెడతామంటారు. దాని మీద 1.8 యూనిట్లని లెక్కొస్తుంది కానీ, అది ఇరవై గంటలపాటు నిదానంగా వాడితే. ఏసీ వేగంతో లాగితే అంతా చేతికి రాదు. మూడు పెట్టినా రాత్రి గడవడం కష్టం, నూట యాభై కేజీల పైన బరువు మోస్తారు. పైగా చార్జింగప్పుడు హైడ్రోజన్ వదిలే వస్తువు పక్కన పడుకోవడమేంటి?

48 ఎందుకు, 12 ఎందుకు వద్దు? 12 వోల్టుల మీద వెయ్యి వాట్లంటే తొంభై ఆంప్స్ పైన. ఎక్కడో తీగ చివరుండే లగ్గు ఒకటి సరిగ్గా బిగలేదు, అక్కడ ఓములో వందో వంతు నిరోధం. తొంభై తొంభైలు 8,100, అందులో వందో వంతు 81. ఆ ఒక్క జాయింటులో 81 వాట్ల వేడి, చెక్క అలమరలో, బట్టల పక్కన. అదే జాయింటు 48 మీదైతే అయిదు వాట్లు. నేను ఇంకేం చెప్పక్కర్లేదు కదా.

సోలారు గురించి త్వరగా. పైకప్పు మీద పట్టేది అయిదారు వందల వాట్లు. బెంగళూరు ఎండకి రోజుకి రెండు, రెండున్నర యూనిట్లు. ఏసీకి సగం రాత్రి. నీడలో ఆపితే అదీ రాదు, ఎండలో ఆపితే ఏసీకి పని పెరుగుతుంది. నేను నీడకే ఓటేస్తాను. బండి ఇంజిను తిప్పే ఆల్టర్నేటరు నుంచి బ్యాటరీ నింపే డీసీ-డీసీ చార్జర్ పెట్టుకుంటే 50 ఆంప్స్ దాకా, గంటకి ముప్పావు యూనిట్ లోపు. బెంగళూరు నుంచి గండికోట చేరేసరికి రాత్రికి కావాల్సిన దాంట్లో చాలావరకు నిండుతుంది.

ఇక జనరేటరు. సముద్రమట్టం నుంచి పైకెళ్లే కొద్దీ ఇంజిను బలం తగ్గుతుంది, ప్రతి 300 మీటర్లకి మూడున్నర శాతం లెక్క. మన బెంగళూరు 900 మీటర్లు, అంటే ఇక్కడే పది శాతం పోయింది. ఊటీలో పాతిక శాతం పోతుంది, కానీ ఊటీలో ఏసీ ఎందుకండీ!

నవ్వకండి, తర్వాతి మాట నవ్వేది కాదు. 2024 డిసెంబరులో కేరళలో వడకర దగ్గర రోడ్డు పక్కన ఆపిన క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటరు నుంచి కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరిందని తర్వాత తేల్చారు. దానికి రంగు లేదు, వాసన లేదు, దగ్గు రాదు. నిద్ర వస్తుంది, అంతే. బండి కింద, బండి లోపలి అరలో జనరేటరు పెట్టుకుని, ఏసీ వేసుకుని, కిటికీలన్నీ మూసుకుని పడుకోవడం, ఇది నా దృష్టిలో చేయకూడని పని. ఇంజిను ఆన్ చేసి బండి ఏసీలో పడుకోవడం కూడా అంతే. జనరేటరు వాడితే పగలు వాడండి, బండికి దూరంగా, గాలి వాలున పెట్టి, బ్యాటరీ నింపుకుని, ఆపేసి పడుకోండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం మంచం దగ్గర పెట్టండి. ఏసీ అక్కర్లేదన్నవాళ్లు కూడా అది పెట్టించుకోండి.

ప్రశ్నలున్నాయా? అమ్మా, మీరు అడగండి. "ఏసీ వేసి పిల్లాణ్ని పడుకోబెట్టి మేం గుడికి వెళ్లొచ్చా?" వద్దమ్మా. వద్దు. ప్లగ్గు ట్రిప్పవ్వొచ్చు, బ్యాటరీ తనంతట తనే ఆగిపోవచ్చు. ఎండలో ఆ రేకు డబ్బా కొద్ది నిమిషాల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. పిల్లల్నీ, ముసలివాళ్లనీ, కుక్కనీ, ఎవర్నీ ఏసీని నమ్మి వదలొద్దు.

వెనక పెద్దాయన ఏదో అంటున్నారు. "ఇంత ఖర్చెందుకు, కూలర్ చాలదా?" మంచి ప్రశ్న బాబాయ్. మీదేవూరు? తాడిపత్రా? అయితే మీకు చాలు. అనంతపురం, కర్నూలు, బళ్లారి, ఏప్రిల్లో గాలి ఎండిపోయి ఉంటుంది. వంద వాట్ల లోపు కూలర్ అక్కడ భేషుగ్గా పనిచేస్తుంది, వరండా ప్లగ్గుకి దాని బరువే తెలియదు. నెల్లూరు, చెన్నై వైపు వెళ్తే మాత్రం తడి గాలికి ఇంకాస్త తడి కలుపుతుంది, అంతే. గండికోటకి అయితే పట్టుకెళ్లండి. ఒక్కటి, కూలరు వేసినప్పుడు పైన వెంటు తెరిచి ఉంచాలి, ఏసీలాగా అన్నీ మూసుకుంటే గంటలో లోపలంతా చెమ్మ. రాత్రికి ఇరవై లీటర్ల క్యాను ఒకటి దగ్గర పెట్టుకోండి.